ముందు అమ్మను కూర్చోబెట్టండి

వేసవి వచ్చిందంటే లండన్‌లో మా తెలుగువాళ్ళ ఇళ్ళు అమ్మానాన్నలతో నిండిపోతాయి. ఆరు నెలల విజిటర్ వీసా, రెండు సూట్‌కేసుల నిండా పచ్చళ్ళు, పొడులు. టవర్ బ్రిడ్జీ, నీస్‌డెన్ గుడీ చూపించడం అయ్యాక పిల్లలకు ఇంకేదో గొప్పగా చేయాలనిపిస్తుంది. అప్పుడు నాకు ఫోన్ వస్తుంది. "ఆంటీ, అమ్మకు అరవై నిండుతున్నాయి. ఆఫ్టర్‌నూన్ టీకి తీసుకెళ్దామనుకుంటున్నాం. రిట్జ్ బాగుంటుందా, సవాయ్ బాగుంటుందా?"

నన్ను అడగడానికి కారణం ఉంది. చదువుకునే రోజుల్లో ఫీజుల కోసం ఊరి నడిబొడ్డున ఒక హోటల్లో మధ్యాహ్నం పూట టీ వడ్డించేదాన్ని. అడిగినవాళ్ళకు నేను వెంటనే హోటల్ పేరు చెప్పను. "మీ అమ్మగారు గుడ్డు తింటారా? మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మధ్యాహ్నం మాత్ర ఎన్నింటికి వేసుకుంటారు?" అని ఎదురు ప్రశ్నలు వేస్తాను. అవతలివాళ్ళు కాస్త చిన్నబుచ్చుకుంటారు, డాక్టరుకు ఫోన్ చేశామా అన్నట్టు. నేను మాత్రం ఆ ప్రశ్నలు మానను. ఈ టీకి చోటు ఎంచుకోవడమంటే హోటల్ పేరు ఎంచుకోవడం కాదు. ఆ రోజు ఎవరి కోసమో, ఆ మనిషి రెండు గంటలపాటు లేవకుండా, మొహమాటపడకుండా, ముందు పెట్టినవి తింటూ కూర్చోగల చోటు వెతకడం. ఆ ఒక్కటి కుదరకపోతే మిగతావన్నీ ఫొటోలకే పనికొస్తాయి.

ఇదంతా దండగనేవాళ్ళకు ముందు జవాబు చెప్పాలి. పెద్ద హోటళ్ళలో ఇప్పుడు మనిషికి డెబ్భై, ఎనభై పౌండ్లు, కొన్నిచోట్ల ఇంకా పైన. సర్వీసు చార్జీ వేరే. మన రూపాయల్లో తలా తొమ్మిది వేల మాట. దానికి వచ్చేది మూడంతస్తుల స్టాండు మీద వేలంత వెడల్పు శాండ్‌విచ్‌లు, వెచ్చటి స్కోన్లు, వాటిలోకి జామూ క్లాటెడ్ క్రీమూ, పై అంతస్తులో నోట్లో వేసుకుంటే మాయమయ్యేంత కేకులు, కావలసినంత టీ. "కీరదోస ముక్క పెట్టిన రొట్టెకు తొమ్మిది వేలా?" అని మా బాబాయి ఇప్పటికీ నవ్వుతాడు. రొట్టె సంగతిలో ఆయన మాట నిజమే. కానీ ఆ డబ్బు రొట్టెకు కాదు, కుర్చీకి. ఒక మనిషిని ఆ కుర్చీలోంచి లేవనివ్వకుండా చూసుకోవడానికి.

ఆ కుర్చీ విలువ తెలియాలంటే మన ఇళ్ళల్లో నాలుగు గంటల వేళ ఎలా ఉంటుందో గుర్తుచేసుకోండి. విజయనగరంలో మా ఇంట్లో సాయంత్రం టీ అంటే అమ్మ నిలబడే వేళ. తాతయ్యకు పంచదార లేకుండా, నాన్నకు చిక్కగా, మాకు పాలు ఎక్కువేసి, ఎదురింటి మామ్మగారు వస్తే ఆవిడకు అల్లం దట్టించి. అందరికీ ఇచ్చాక గిన్నెలో మిగిలినదాన్ని స్టీలు గ్లాసులో పోసుకుని పొయ్యి దగ్గరే నిలబడి తాగేది. అప్పటికి ఎవరైనా వస్తే ఆ గ్లాసు కూడా వాళ్ళకే. నాన్నగారి షష్టిపూర్తిలోనూ అంతే. పట్టుచీర కట్టించి పీటల మీద కూర్చోబెట్టాం. తంతు ముగిసిందో లేదో "అందరూ తిన్నారా, పెరుగు సరిపోయిందా" అంటూ బంతుల మధ్య తిరగడం మొదలుపెట్టింది. తను విస్తరి ముందు కూర్చునేసరికి మూడు దాటింది.

ఇంట్లో ఎంత బతిమాలినా కూర్చోని మనిషిని కూర్చోబెట్టే ఉపాయాల్లో ఈ హోటల్ టీ ఒకటి. అక్కడ వంటగది ఎటుందో ఆవిడకు తెలియదు కదా!

అసలు ఈ అలవాటు చరిత్ర కూడా ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు అన్నదాని చుట్టూనే తిరుగుతుంది. 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా మరియా మధ్యాహ్నానికీ రాత్రి భోజనానికీ మధ్య ఆకలికి ఆగలేక, టీ, రొట్టె, వెన్న గదికి తెప్పించుకోవడంతో ఇది మొదలైందని చెబుతారు. ఆవిడ కూర్చుంది, పనివాళ్ళు నిలబడ్డారు. మామూలు ఆడవాళ్ళకు కుర్చీ దొరకడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. 1864లో ఏరేటెడ్ బ్రెడ్ కంపెనీ టీ దుకాణం తెరిచింది. 1894లో లయన్స్ కంపెనీ పికడిల్లీలో తన మొదటి టీ షాపు పెట్టింది. టైపిస్టులు, దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలు మగతోడు లేకుండా వచ్చి, ఎవరూ వేలెత్తి చూపకుండా, కప్పు టీ ముందు కాసేపు కూర్చోగలిగిన చోట్లు అవి. ఓటు హక్కు కోసం పోరాడిన మహిళలు సమావేశమైంది కూడా ఇలాంటి టీ గదుల్లోనే. లయన్స్ షాపులకు జనం ఎంతగా వచ్చేవారంటే, ఆ లెక్కలు చూసుకోవడానికి కంపెనీ సొంతంగా కంప్యూటరే తయారుచేసుకుంది. 1951లో పని మొదలుపెట్టిన, లియో అనే ఆ యంత్రం వ్యాపార లెక్కలు చేసిన తొలి కంప్యూటరుగా చరిత్రకెక్కింది.

ఇక కప్పులోని టీ. అస్సాం టీ తొలిసారి లండన్‌లో వేలానికి వచ్చింది 1839లో. ఆ తరవాత అస్సాంలో తోటలు పెరుగుతున్నకొద్దీ కూలీల కోసం ఏజెంట్లు ఛోటానాగ్‌పూర్‌తో పాటు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖపట్నం జిల్లాలకూ వచ్చారు. మా విజయనగరం అప్పుడు విశాఖపట్నం జిల్లాలోదే. అలా వెళ్ళినవాళ్ళ సంతతి ఇప్పటికీ ఆ తోటల్లో ఉంది. అందుకే, వెండి కెటిల్ చూసి "ఇక్కడ మనమేంటి" అని బిగుసుకుపోయే అమ్మలకు నేను ఈ సంగతి చెబుతాను. ఆ ఆకు కోసినవాళ్ళలో మనవాళ్ళున్నారు. ఆ బల్ల దగ్గర మొహమాటపడాల్సింది మనం కాదు.

సరే, చోటు ఎలా ఎంచుకోవాలి?

మొదటిది తిండి. ఇక్కడ వెజిటేరియన్ మెనూ అంటే మాంసం, చేప ఉండవు, అంతే. గుడ్డు నిక్షేపంగా ఉంటుంది. కేకుల్లో, మాకరూన్లలో, ఎక్లేర్లలో, నిమ్మ కర్డ్‌లో, శాండ్‌విచ్‌కు రాసిన మయొనేజ్‌లో, స్కోను మెరవడానికి పైన పూసే పూతలో కూడా. గుడ్డు తినని మనిషిని అక్కడ కూర్చోబెడితే ఆవిడకు మిగిలేది కీరదోస ముక్కే. బల్ల దగ్గర కూర్చున్నాక అడిగితే లాభం లేదు. బుక్ చేసేటప్పుడే చెప్పాలి. ఈ దేశపు చట్టం ప్రకారం వినియోగదారులకు తెలియజేయాల్సిన అలర్జీ పదార్థాలు 14 ఉన్నాయి. వాటిలో గుడ్డు ఒకటి. కాబట్టి దేంట్లో గుడ్డుందో ప్రతి వంటగదికీ తెలిసే ఉంటుంది. మొహమాటపడకుండా ఆ పట్టిక అడగండి. జిలాటిన్ మాత్రం ఆ పద్నాలుగింటిలో లేదు. మూస్, జెల్లీ లాంటివాటి గురించి విడిగా అడగాలి. ఈ గొడవంతా వద్దనుకుంటే వీగన్ మెనూ చెప్పేయండి. గుడ్డు, జిలాటిన్ రెండూ తప్పుతాయి. అయితే అసలైన క్రీమ్ కూడా తప్పిపోతుంది. అది మాత్రం అన్యాయం. కార్నిష్ క్లాటెడ్ క్రీమ్‌లో కొవ్వు కనీసం 55 శాతం ఉంటుంది. మన మీగడకు పెద్దక్క అన్నమాట. అందుకని "వీగన్ మెనూ, క్రీమ్ మాత్రం మామూలుది" అని అడిగి చూడండి. ముందుగా చెబితే చాలాచోట్ల ఒప్పుకుంటారు.

చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు పై అంతస్తు కేకులు చూడ్డానికే. చాలా పెద్ద హోటళ్ళలో శాండ్‌విచ్‌లు అడిగితే మళ్ళీ తెస్తారు, దానికి డబ్బు తీసుకోరు. ఈ సంగతి తెలియక ఒక్క ప్లేటుతో సరిపెట్టుకునే మనవాళ్ళను నేను చాలామందిని చూశాను. మిగిలిన కేకులు డబ్బాలో పెట్టివ్వమని అడగొచ్చు, తప్పేమీ కాదు. శనివారం ఒంటిపూటా, ఏకాదశీ చూసుకున్నాకే తేదీ ఖాయం చేయండి. ఇక్కడి మదర్స్ డే, మార్చిలోనో ఏప్రిల్ మొదట్లోనో వచ్చే ఆ ఆదివారం మాత్రం వద్దే వద్దు. ఆ రోజు ప్రతి బల్లా నిండి, వడ్డించేవాళ్ళకు పలకరించే తీరిక కూడా ఉండదు.

రెండోది కుర్చీ. దీని గురించి ఎవరూ ఆలోచించరు. హోటల్ లాంజుల్లో లోతైన సోఫాలుంటాయి, బల్ల మోకాలి ఎత్తున ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న ఆవిడ పట్టుచీరతో అందులో కూరుకుపోతే లేవడానికి ఇద్దరు పట్టాలి. ప్రతి ముక్కకూ ముందుకు వంగాలి. నిటారు కుర్చీ, భోజనం బల్ల ఎత్తున్న బల్ల కావాలని ఫోన్లో చెప్పండి. బాత్‌రూమ్‌కు మెట్లున్నాయా, లిఫ్టుందా అని కూడా అడగండి. పాత భవనాల్లో చాలావాటికి బాత్‌రూములు కింది అంతస్తులోనే. ఈ రెండు ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పే హోటల్ దాదాపుగా మంచి హోటలే.

మూడోది వేళ. రిట్జ్‌లో పొద్దున పదకొండున్నర నుంచి రాత్రి ఏడున్నర దాకా విడతలవారీగా టీ పెడతారు. అంత గిరాకీ. మనవాళ్ళకు ఒంటిగంటన్నర, రెండున్నర మధ్య మేలు. ఆ రోజుకు అదే భోజనం అనుకోవాలి. పన్నెండింటికి పప్పన్నం తిని వచ్చి కూర్చుంటే ఏదీ దిగదు. డిసెంబరులో అయితే నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది. కిటికీ పక్క బల్ల కోసం అంత తాపత్రయపడి బయట చీకటి చూస్తూ కూర్చోవాలి. బుక్ చేసేటప్పుడు బల్ల ఎంతసేపు మనదో కూడా అడగండి. గంటన్నరకే లేపేసే చోటికి పెద్దవాళ్ళను తీసుకెళ్ళకండి.

ఇప్పుడు పేర్లు. పికడిల్లీలోని రిట్జ్ 1906 నాటిది. అక్కడి పామ్ కోర్టులో కూర్చోవడం ఒక ఉత్సవమే, కాదనను. కానీ మగవాళ్ళకు కోటు తప్పనిసరి, జీన్స్ కుదరదు. విజయవాడలో కొన్న స్వెట్టరూ, నడకకని కొన్న తెల్ల బూట్లూ తప్ప ఏదీ వేసుకోనని భీష్మించే నాన్నలుంటారు. ఆయన కోసం కోటు అద్దెకు తెచ్చి, ఆ చిరాకంతా అమ్మ మీద పడేలా చేసుకునే బదులు ఆ హోటల్ మానేయడం నయం. చీరకు మాత్రం లండన్‌లో ఎక్కడా అడ్డులేదు. సవాయ్ 1889లో తెరిచారు. గాజు గోపురం కింద పియానో వింటూ కూర్చోవచ్చు. పాటలంటే ఇష్టమున్న అమ్మకు అది బాగుంటుంది. చెవులు సరిగా వినపడని నాన్నకైతే పియానోకు దూరంగా బల్ల అడగాలి. 1707లో మొదలైన ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ అసలు హోటలే కాదు, దుకాణం. పై అంతస్తులో ఉన్న టీ సలోన్‌ను 2012లో ఎలిజబెత్ రాణి ప్రారంభించారు. టీ అయ్యాక కింద అంతస్తుల్లో టీ డబ్బాలు చూస్తూ తిరగొచ్చు, చుట్టాలకు కొనుక్కోవచ్చు. షాపింగ్ ఇష్టమైన అమ్మలకు నా ఓటు దానికే.

నన్నడిగితే మాత్రం చాలామందికి వీటిలో ఏదీ అక్కర్లేదు. సౌత్ కెన్సింగ్టన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఉంది. ప్రపంచంలో మ్యూజియం లోపల భోజనశాల మొదటిసారి పెట్టింది అక్కడే. నేలనుంచి కప్పు దాకా పింగాణీ పలకలు, రంగుటద్దాల కిటికీలు, ఒక గది విలియం మోరిస్ కంపెనీ అలంకరించింది. లోపలికి టికెట్ లేదు. ఇద్దరు మనుషులు స్కోనూ, కేకూ, టీ తీసుకుంటే పెద్ద హోటల్ బిల్లులో చిన్న వంతు. ట్రే పట్టుకుని వరసలో నిలబడాలి, నిజమే. నిలబడేది కొడుకో కూతురో అయితే ఇబ్బందేముంది? ఇంకో మాట. బ్రిటిష్ మ్యూజియం 33ఎ గదిలో అమరావతి స్తూపం శిల్పాలున్నాయి. కృష్ణ ఒడ్డునుంచి తరలివచ్చి 1880లో ఆ మ్యూజియానికి చేరిన రాళ్ళవి. అవి చూశాక అదే భవనంలో గ్రేట్ కోర్ట్ గాజుకప్పు కింద రెస్టారెంటులో టీకి కూర్చోండి. గుంటూరు వైపు నుంచి వచ్చిన అమ్మానాన్నలకు చెప్పుకోవడానికి కావలసినంత దొరుకుతుంది. ఆ గది అప్పుడప్పుడు మూసి ఉంటుంది, బయలుదేరేముందు కనుక్కోండి.

అక్కడికి వెళ్ళాక చేయాల్సినవి కొన్ని. టీ మెనూలో ముప్పై రకాలుంటాయి. అల్లం టీకి అలవాటుపడ్డ నాలుకకు డార్జిలింగ్ తొలికోత ఇస్తే మా అమ్మ అన్నట్టే అంటారు: "ఇదేటే, ఏణ్ణీళ్ళకి ఇంత పెద్ద కెటిలా?" అస్సాం చెప్పండి, ఐదు నిమిషాలు నాననివ్వండి, వేడి పాలు అడగండి. మామూలుగా చల్లటి పాలు ఇస్తారు, అడిగితే వేడివి తెస్తారు. స్కోను మీద ముందు క్రీమా, జామా అని డెవన్‌వాళ్ళకూ కార్న్‌వాల్‌వాళ్ళకూ ఎడతెగని తగువు. డెవన్‌లో క్రీమ్ ముందు, కార్న్‌వాల్‌లో జామ్ ముందు. అమ్మ ఎలా రాసుకున్నా ఎవరో ఒకరి పద్ధతి పాటించినట్టే. చిటికెనవేలు ఎత్తి పట్టుకోవడాలు నేర్పకండి. నేను వడ్డించిన గదిలో అలా పట్టుకున్నవాళ్ళు పర్యాటకులు మాత్రమే.

ఆ రోజుల్లోనే ఒకసారి ఒక కుటుంబం వచ్చింది. కొడుకూ కోడలూ ఫొటోల్లో మునిగిపోయారు. పెద్దావిడ లేచి నిలబడి కెటిల్ అందుకుంది. అందరి కప్పుల్లో పోసి, ఖాళీ ప్లేట్లు ఒకదానిమీద ఒకటి పేర్చి, నాకు అందించబోయింది. "అమ్మా, మీరు కూర్చోండి. నేను పోస్తాను" అన్నాను తెలుగులో. ఉలిక్కిపడింది. తరవాత ఊరు, ఇంటిపేరు, నాన్న ఉద్యోగం అన్నీ అడిగింది, కానీ కూర్చునే అడిగింది. ఆ గదిలో పియానో, వెండి, పూలు చేయలేని పని ఆ ఒక్క మాట చేసింది. ఆ మాట అనాల్సింది వడ్డించే అమ్మాయి కాదు, పక్కనున్న కొడుకు.

బిల్లు సంగతి. అది బల్ల దగ్గరికి రాకుండా చూడండి. ముందే చెప్పి, బాత్‌రూమ్‌కు వెళ్ళినట్టు వెళ్ళి కట్టేయండి. లేకపోతే మన అమ్మలు దాన్ని రూపాయల్లోకి మార్చి, ఆ డబ్బుతో ఏమేం చేయొచ్చో లెక్కకట్టి, తిన్నదంతా చేదు చేసుకుంటారు. సర్వీసు చార్జీ తీసేయమని అడిగే హక్కు మనకుంది, మనవాళ్ళు కొందరు అడుగుతారు కూడా. అడగకండి. 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఆ డబ్బు యజమాని ఉంచుకోవడానికి లేదు, పనిచేసేవాళ్ళకే చేరాలి. మన అమ్మను కూర్చోబెట్టడానికి ఎవరో అమ్మాయి షిఫ్టంతా నిలబడే ఉంది కదా.

ఇక సర్‌ప్రైజ్ పార్టీల మీద నాకు నమ్మకం లేదు, పెద్దవాళ్ళ విషయంలో అసలు లేదు. ఉపవాసాలు, మాత్రలు, మోకాళ్ళు, ఏ చీర అన్న ఆలోచన, ఇన్ని ఉన్న మనిషిని కళ్ళకు గంతలు కట్టి తీసుకెళ్ళకూడదు. ముందే చెప్పండి, ఆవిడనే అడగండి. "ఎందుకమ్మా అంత డబ్బు, ఇంట్లోనే తాగుదాం" అనే అంటుంది. అది మొహమాటమో, నిజమో కన్నపిల్లలకు తెలియకపోదు. మొహమాటమైతే మ్యూజియంతో మొదలుపెట్టండి. నిజంగానే ఇష్టం లేకపోతే బలవంతం వద్దు, డబ్బు మిగిలింది. కాకపోతే ఒక షరతు. ఆ రోజు నాలుగింటికి అల్లం దంచి, పొయ్యి దగ్గర నిలబడి, అందరికీ పోసి, కప్పులు కడగాల్సింది మీరు.